కప్పు కబురు పంపుతుంది... విన్నారా?

వాన వెలిసి వారం దాటింది. గోడలు ఆరాయి, బట్టలు ఆరాయి. పడగ్గది సీలింగ్ మీద మచ్చ మాత్రం ఆరనే లేదు. పైగా ఫ్యాను పక్కన అరచేతంత పెచ్చు ఊడి మంచం మీద పడింది. అప్పుడు ఏ ఇంట్లోనైనా చేసే పని ఒక్కటే... మేస్త్రికి కబురు పెట్టడం. ఆయన వచ్చి చూసి 'ఏం ఫర్వాలేదండీ, రెండు తట్టల మాలు కొడితే సరి' అంటాడు. కొడతాడు. పైన సున్నం వేస్తే కొత్త సీలింగే! రెండేళ్లు తిరిగేసరికి మళ్లీ అక్కడే ఊడుతుంది. ఈసారి పళ్లెమంత!

మేస్త్రి పనితనంలో లోపం ఉండకపోవచ్చు. వైద్యం చేసింది అసలు జబ్బుకు కాదు, అంతే.

జలుబు వేరు, క్షయ వేరు

ఊరిని బట్టి డాబా అన్నా, మిద్దె అన్నా, బంగ్లా అన్నా పైన ఉండేది సిమెంటు శ్లాబే. దానికి వచ్చే జబ్బులు ముఖ్యంగా రెండు. ఒకటి కారడం, రెండోది లోపలి చువ్వలకు తుప్పు పట్టడం. మొదటిది జలుబు లాంటిది. పైనుంచి వాలు సరిచేసి, పగుళ్లు మూసి, నీరు దిగని పూత వేస్తే తగ్గుతుంది. రెండోది క్షయ. లోపల్లోపల తినేస్తుంది. జలుబును ఏళ్ల తరబడి వదిలేస్తే అదే రెండో దానికి దారి తీస్తుంది.

కాంక్రీటుకు క్షారగుణం ఎక్కువ. చువ్వ తుప్పు పట్టకుండా కాపాడేది ఆ క్షారమే. ఏళ్లు గడిచేకొద్దీ గాలిలోని కార్బన్ డయాక్సైడ్ మెల్లగా కాంక్రీటులోకి దిగి క్షారాన్ని తగ్గించేస్తుంది. అది చువ్వ దాకా చేరితే కాపలా పోయినట్టే. దానికి తేమ తోడైతే తుప్పు మొదలవుతుంది. తుప్పుకు ఇనుము కన్నా ఎన్నో రెట్లు చోటు కావాలి. ఆ చోటు కోసం అది కింది కాంక్రీటును తోసేస్తుంది. మనం 'పెచ్చులూడుతున్నాయి' అనేది దీన్నే.

విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి సముద్రతీర పట్టణాల్లో ఉప్పుగాలి ఈ పనిని ఇంకా తొందరగా చేస్తుంది. కట్టేటప్పుడు ఉప్పునీటి బోరు వాడినా అంతే. చువ్వలుండే కాంక్రీటు కలిపే నీటిలో క్లోరైడ్లు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదని ఐఎస్ 456 ప్రమాణం చెబుతోంది. చువ్వ కింద కనీసం 20 మిల్లీమీటర్ల కాంక్రీటు ఉండాలనీ, తీరంలో అంతకన్నా ఎక్కువ కావాలనీ చెప్పేదీ అదే. పాత ఇళ్లలో చాలాచోట్ల ఇది కనిపించదు. కాంక్రీటు పోసేటప్పుడు తొక్కిడికి చువ్వలు సెంట్రింగ్ రేకుల మీదికి దిగిపోయి ఉంటాయి. అలాంటి చోట తుప్పు ముందుగా పడుతుంది.

ఇలా కనిపెట్టండి

* సీలింగ్‌లో వెంట్రుక లాంటి పగుళ్లు వంకరటింకరగా ఉంటే చాలావరకు ప్లాస్టరింగ్‌వే. కంగారు అక్కర్లేదు. గీత గీసినట్టు తిన్నగా, ఐదారంగుళాల ఎడంతో వరుసగా ఉన్నాయా? అవి చువ్వల వెంట వచ్చినవి. వాటి వెంట గోధుమరంగు మరక కూడా ఉంటే తుప్పేనని దాదాపు ఖాయం.

* తెల్లటి పొడి, సున్నం చారలు దిగుతుంటే నీరు శ్లాబు గుండా ప్రయాణిస్తోందని అర్థం. ఇంకా జలుబు దశే కావచ్చు. ఆలస్యం చేయొద్దు.

* పొడవాటి కర్రతో సీలింగ్‌ను నెమ్మదిగా తట్టండి. గట్టిగా, ఖంగుమంటే మంచిదే. ఖాళీ డబ్బా మీద కొట్టినట్టు బోలుగా వినిపిస్తే అక్కడ పొర విడిపోయింది. తట్టేటప్పుడు దాని కింద నిలబడకండి!

* గది ఈ గోడ నుంచి ఆ గోడకు సీలింగ్‌ను ఆనిస్తూ దారం బిగించి పట్టండి. మధ్యలో శ్లాబు కిందికి దిగి ఉంటే దారం అక్కడ ఒరుసుకుంటుంది, గోడల దగ్గర సందు కనిపిస్తుంది. పన్నెండడుగుల గదిలో ఈ వంపు అర అంగుళం దాటితే ఇంజినీరుకు చూపించాల్సిందే.

* స్నానాల గది కప్పు, సన్‌షేడ్, బాల్కనీ... వీటిని ప్రత్యేకంగా చూడండి. మొదటిదానికి తేమ ఎప్పుడూ ఉంటుంది. మిగతా రెండూ గోడ నుంచి బయటికి వేలాడే భాగాలు. వాటిలో అసలు బలమిచ్చే చువ్వలు పైభాగంలో ఉంటాయి. కింద అంతా బాగానే కనిపిస్తున్నా, గోడను ఆనుకుని పైన పగులు ఉంటే ప్రమాదమే.

ఒక్క మిల్లీమీటరే కదా!

పెచ్చు ఊడినచోట చువ్వ బయటపడితే పొరలుపొరలుగా ఉన్న తుప్పును గీకేసి మిగిలిన లావును కొలిపించండి. 8 మిల్లీమీటర్ల చువ్వ 7కు తగ్గితే 'ఒక్కటే కదా' అనిపిస్తుంది. కానీ బలం ఉండేది చువ్వ కోతకొలతలో. ఆ లెక్కన దాదాపు నాలుగో వంతు పోయినట్టు. 6కు తగ్గితే నూటికి 44 పాళ్లు మాయం! నాలుగో వంతు దాకా పోయిన చువ్వకు జతగా కొత్తది కట్టాలన్నది మరమ్మతుల్లో సాధారణంగా పాటించే పద్ధతి. చువ్వ తుప్పును అలాగే ఉంచి పైన మాలు కొట్టడమంటే పుండు కడగకుండా కట్టు కట్టడమే. కింద నిద్రపోయేవాళ్లకు మాత్రం అంతా బాగైపోయినట్టు కనిపిస్తుంది. అసలు ప్రమాదం అదే.

పైన బరువు పెంచొద్దు

కారుతోందనగానే చాలామంది డాబా మీద ఇంకో పొర వేయిస్తారు. అయిదేళ్లకు దానిమీద మరొకటి. పన్నెండడుగుల చదరపు గదికి అయిదంగుళాల శ్లాబు బరువే నాలుగు టన్నుల పైమాట. దానిమీద మూడంగుళాల కాంక్రీటు వేస్తే ఇంకో రెండు టన్నులు పైగా కలుస్తాయి. వెయ్యి లీటర్ల ట్యాంకు నిండితే మరో టన్ను. చువ్వలు బలం కోల్పోతున్నప్పుడే బరువు పెరుగుతోందన్నమాట! కొత్త పొర వేయాల్సివస్తే పాత పొరను తీయించాకే వేయించండి. పదడుగులకు అంగుళం వాలు ఉంచి, నీటి గొట్టాల్లో ఆకులు అడ్డుపడకుండా చూసుకుంటే సగం జబ్బులు దగ్గరికి రావు.

మరమ్మతా... కొత్త శ్లాబా?

పెచ్చులు ఒకటి రెండు చోట్లే ఊడి, చువ్వలు పెద్దగా అరగకపోతే మరమ్మతు చాలు. అదైనా పద్ధతిగా జరగాలి. విడిపోయిన కాంక్రీటును చువ్వ వెనకదాకా కొట్టేయాలి. తుప్పు పూర్తిగా గీకి, పూత వేసి, అవసరమైతే కొత్త చువ్వ కట్టి, అప్పుడు మరమ్మతు మిశ్రమంతో నింపాలి.

గదిలో సగానికి పైగా బోలు శబ్దం వస్తున్నా, చువ్వలు చాలాచోట్ల సన్నబడినా, శ్లాబు వంగినా, కాంక్రీటు వేలితో నలిపితే ఇసుకలా రాలుతున్నా ఇక మార్చడం గురించే ఆలోచించాలి. అయితే ఆ మాట మేస్త్రో, పక్కింటాయనో చెబితే చాలదు. స్ట్రక్చరల్ ఇంజినీరుతో పరీక్ష చేయించండి. కొన్ని ఇంజినీరింగ్ కాలేజీల సివిల్ విభాగాలూ ఫీజు తీసుకుని ఈ పని చేస్తాయి. రీబౌండ్ హ్యామర్‌తో కాంక్రీటు పైపొర గట్టిదనాన్ని, అల్ట్రాసోనిక్ పరీక్షతో లోపలి డొల్లలను అంచనా వేస్తారు. తాజాగా చెక్కినచోట ఫినాఫ్తలీన్ ద్రావణం చల్లుతారు. గులాబీ రంగుకు మారితే క్షారం ఉన్నట్టు, రంగు రాకపోతే కాపలా పోయినట్టు.

ఒక్కోసారి ఒక్క గది శ్లాబు తీస్తే సరిపోవచ్చు. కింద ఇనుప దూలాలు పెట్టి నిలబెట్టే వీలూ ఉండొచ్చు. పాత ఇంటి గోడలు మట్టితో కట్టినవైతే కొత్త శ్లాబు బరువును మోయగలవో లేదో కూడా ఇంజినీరే తేల్చాలి. ఈలోగా మంచాలు అక్కణ్నుంచి తీసేయండి. పైన ట్యాంకు ఉంటే ఖాళీ చేయించండి. ఇంజినీరు చెప్పినట్టు కింద పోట్లు పెట్టించండి. ఇంటిని అద్దెకిచ్చినవాళ్లకు ఇది మరీ ముఖ్యం. ఆ కప్పు కింద పడుకునేది వేరేవాళ్ల పిల్లలు.

'నాన్న కట్టించిన ఇల్లు, ఎలా పడగొడతాం?' అని బాధపడేవాళ్లుంటారు. నాన్న ఆ కప్పు వేయించింది కింద మీరు చల్లగా ఉండాలనే కదా! దాన్ని మార్చడం ఆయన మాట నిలబెట్టడమే.

ఈ ఆదివారం ఓ అరగంట దీనికి కేటాయించండి. ఓ టార్చిలైటు, ఓ పొడవాటి కర్ర, ఓ దారపు ఉండ చాలు. గది గదికీ తిరిగి మచ్చలు, పగుళ్లు కాగితం మీద రాసుకుని పక్కన తేదీ వేయండి. ఆరు నెలలకు మళ్లీ చూసి పోల్చండి. మచ్చ పెరిగిందా, పగులు సాగిందా అన్నది ఆ కాగితమే చెబుతుంది.