రద్దు చేస్తే రాసివ్వండి

తీసుకున్న నిర్ణయాన్ని రద్దు చేసే హక్కు ఏ ప్రభుత్వానికైనా ఉంది. దానికో పద్ధతీ ఉంది. ఉత్తర్వు ఇచ్చే అధికారం ఉన్నవారికి దాన్ని సవరించే, రద్దు చేసే అధికారమూ ఉంటుందని 1897 నాటి జనరల్ క్లాజుల చట్టం 21వ సెక్షన్ చెబుతోంది. ఆ రద్దు కూడా ఉత్తర్వు ఇచ్చిన రీతిలోనే జరగాలని షరతు పెట్టింది. కేంద్ర చట్టాల కింద వెలువడే ఉత్తర్వులకు పెట్టిన నియమమిది. పాలకులు ప్రజలకిచ్చే ప్రతి మాటకూ ఇదే వర్తించాలి. కర్నూలు జిల్లా సి.బెళగల్ మండలంలోని గుండ్రేవులకు ఆ న్యాయం దక్కలేదు.

తుంగభద్రపై సుంకేసులకు ఎగువన, గుండ్రేవుల వద్ద 20 టీఎంసీల జలాశయం కట్టాలన్నది ప్రతిపాదన. 2019 ఫిబ్రవరిలో రూ.2,890 కోట్లకు పరిపాలన అనుమతి ఇచ్చారు. ఎన్నికల ముంగిట శంకుస్థాపన చేశారు. ప్రభుత్వం మారుతున్న వేళ, మే నెలాఖరున, ఏప్రిల్ 1కి ముందు మంజూరై మొదలుకాని పనులన్నీ రద్దని ఒకే ఉత్తర్వు వెలువడింది. ఏ పని ఎందుకు పోతోందో ఊరూరికీ చెప్పే ఓపిక ఆ ఉత్తర్వుకు లేదు. 2024లో ప్రభుత్వం మళ్లీ మారింది. జలాశయం మాత్రం లేవలేదు.

ఇది చిన్న విషయం కాదు. కర్నూలు-కడప (కేసీ) కాలువకు కృష్ణా జలాలను పంచిన బచావత్ ట్రైబ్యునల్ కేటాయించింది 39.9 టీఎంసీలు. ఆ కాలువకు నీళ్లు మళ్లించే సుంకేసులలో నిలిచేది 1.2 టీఎంసీలే. వరదొస్తే నీరు శ్రీశైలం దారి పడుతుంది, వరద తగ్గితే ఆయకట్టు ఆకాశం వైపు చూస్తుంది. ఎగువన తుంగభద్ర డ్యామేమో పూడికతో 133 టీఎంసీల నుంచి 105 టీఎంసీల చిల్లరకు కుంచించుకుపోయింది. 2024 ఆగస్టులో దాని 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు, దిగువన నీరు పట్టి ఉంచే చోటు లేకపోవడం ఎంత లోటో రైతులందరికీ తెలిసొచ్చింది. మరోవైపు ఆదోని, ఎమ్మిగనూరు, కోసిగి పల్లెల నుంచి కుటుంబాలు ఏటా పిల్లాజెల్లాతో మిరప కోతలకు గుంటూరు వైపు సుగ్గికి, అంటే కూలి పనుల వలసకు, పోతూనే ఉన్నాయి.

తేల్చని నిర్ణయం ఊళ్లను ఎలా పీడిస్తుందో పాలకులు ఆలోచించాలి. పొలం ముంపులో పోతుందన్న మాట ఒకసారి పుట్టాక ఆ పొలానికి సరైన ధర పలకదు. బోరు వేయాలా, ఇల్లు కట్టాలా, ఆడపిల్ల పెళ్లికి ఎకరా అమ్మాలా అన్నది ఏదీ తేలదు. జలాశయం వస్తే పరిహారం అడగొచ్చు, రాదని తెలిస్తే సేద్యం చేసుకోవచ్చు. రెండూ కాని స్థితిలో రైతు ఎవరిని అడగాలి?

నది అవతల తెలంగాణ భూములూ మునుగుతాయి, ఆ రాష్ట్రం ఒప్పుకోవాలి, ఖర్చు భారీగా ఉంటుంది అని అధికారులు చెప్పవచ్చు. అవి బలమైన కారణాలే కావచ్చు. అలాంటప్పుడు వాటిని కాగితం మీద పెట్టడానికి జంకెందుకు? సాగు చట్టాలను 2021 నవంబరులో పార్లమెంటు సాక్షిగానే వెనక్కి తీసుకున్నారు. అదే నెలలో మూడు రాజధానుల చట్టాన్ని రాష్ట్ర శాసనసభలోనే రద్దు చేశారు. ఆ నిర్ణయాలను మెచ్చినవారూ తిట్టినవారూ ఉన్నారు, కానీ ఏం జరిగిందో అందరికీ తెలిసింది. 1953 అక్టోబరు 1న రాజధాని అయి, మూడేళ్లకే ఆ హోదా పోగొట్టుకున్న కర్నూలుకు నిర్ణయాలు మారడం కొత్త కాదు. చెప్పకుండా అటకెక్కించడాన్ని మాత్రం ఈ గడ్డ సహించనక్కర్లేదు.

గుండ్రేవుల కట్టాలన్నదే మా మాట. తెలంగాణతో చర్చలకు గడువు పెట్టుకుని, బడ్జెట్‌లో నిధులు చూపి పని మొదలుపెట్టాలి. కట్టలేమంటే కారణాలు వివరిస్తూ గుండ్రేవుల పేరుతోనే జీవో ఇవ్వాలి. దాన్ని శాసనసభ ముందుంచాలి, ముంపు గ్రామాల్లో గ్రామసభలు పెట్టి తెలుగులో చదివి వినిపించాలి. కేసీ ఆయకట్టుకు ప్రత్యామ్నాయం ఏమిటో అందులోనే చెప్పాలి. శిలాఫలకం వేయడానికి మంత్రులు ఊళ్లోకి వస్తారు. రద్దు చేసే రోజున కూడా అదే ఊళ్లోకి వచ్చి జవాబు చెప్పాలి.