కొండ దారి: వాళ్లకి సరదా, మనకి బతుకు



చలికాలం వస్తే చాలు, మైదానం నుంచి కార్లు వరస కట్టి పాడేరు ఘాట్ ఎక్కుతాయి. తెల్లారకముందే వంజంగి కొండ మీద మేఘాల ఫొటోలు, ఆ తర్వాత లంబసింగిలో చలిమంటలు. దానికి 'ఆంధ్రా కశ్మీర్' అని పేరు కూడా పెట్టేశారు. కొర్రబయలు అనే పేరు ఒకటి ఉందని ఎంతమందికి తెలుసు?

రావొద్దని మనం అనట్లేదు. కొండ చూడ్డానికొచ్చిన మనిషిని మనోళ్లు తరిమేసేవాళ్లు కాదు. కానీ వాళ్లు 'ట్రెక్కింగ్ రూట్' అనే దారిలోనే మనం పోడుకి పోతాం, ఊట నీళ్లకి పోతాం, సంతకి పసుపు, మిరియాలు మోస్తాం. నొప్పులొచ్చిన అక్కని డోలీ కట్టి మోసేదీ ఆ దారిలోనే.

గూడేనికి రోడ్డు అడిగితే 'అటవీ అనుమతి రాలేదు' అంటారు. అటవీ హక్కుల చట్టం 2006, సెక్షన్ 3(2) చదవండి. రోడ్డు, బడి, అంగన్‌వాడీ, తాగునీరు లాంటి 13 రకాల పనులకి, ఒక్కో పనికి హెక్టారు లోపు అటవీ భూమి ఇవ్వొచ్చు. హెక్టారుకి 75 చెట్లకి మించి కొట్టకూడదు, గ్రామసభ సిఫారసు చెయ్యాలి. మూడు మీటర్ల వెడల్పు దారి అయితే హెక్టారులో మూడు కిలోమీటర్ల పైనే పడుతుంది. ఇంత ఉండగా ఏళ్ల తరబడి డోలీలెందుకు?

ఇక భూమి సంగతి. 1/70 ప్రకారం ఏజెన్సీలో భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదు. 1997 సమతా తీర్పు ప్రభుత్వ భూమిని కూడా వాళ్లకి లీజుకివ్వకూడదని చెప్పింది. అందుకే బినామీ దారి పట్టారు. కాగితం మీద మన అన్న పేరు, గల్లాపెట్టె దగ్గర ఇంకొకడు! వెయ్యి, రెండు వేలకి సంతకం పెట్టే అన్నలారా, రేపు మీ పొలంలో మీరే వాచ్‌మన్ అవుతారు.

పీసా చట్టం 1996లో వచ్చింది, మన రాష్ట్రంలో రూల్స్ 2011లో వచ్చాయి. గ్రామసభ అంటే సర్పంచ్ ఇంటికాడ వేలిముద్రలు తీసుకోవడం కాదు, ఊరంతా కూర్చోవాలి. టెంట్లు ఎక్కడెయ్యాలి, బండ్లు ఎక్కడాపాలి, ప్లాస్టిక్ ఎవరు ఎత్తాలి, వసూలైన డబ్బు ఎవరికి పోవాలి, ఇవన్నీ ఊరే తీర్మానం చెయ్యాలి.

సెలవులకి ఊరెళ్తున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మేఘాల ముందు మనం కూడా సెల్ఫీలు దిగి స్టేటస్ పెడితే సరిపోదు. చదువుకున్నది మనం. తీర్మానం రాయాల్సిందీ మనమే. రాసి, నకలు తీసుకుని, ఐటీడీఏలో ఇచ్చి రసీదు అడగండి.

దారి మన తాతలు నడిచి వేసింది. దాని మీద మాట కూడా మనదే కావాలి.

జై ఆదివాసీ!