అడిగితే తప్పేముంది?

పిండి జల్లించని ఇల్లాలు మనలో ఎవరుంటారు చెప్పండి? పిండి కిందికి దిగుతుంది, పొట్టు పైన ఆగుతుంది. కన్నాలు మరీ సన్నమైతే పొట్టుతో పాటు మంచి పిండీ ఆగిపోతుంది. అమెరికా లైబ్రరీలలో కంప్యూటర్లకి కూడా అలాంటి జల్లెడ ఒకటి ఉంటుందని 2004లో మా పెద్దమ్మాయి పురిటికి వెళ్ళినప్పుడు తెలిసింది.

ఇంట్లో ఉన్న ఒక్క కంప్యూటరూ అల్లుడిగారితో ఆఫీసుకి పోయేది. మా అమ్మాయికేమో రొమ్ము గట్టిపడి, పాలివ్వాలంటే ఏడుపే. దాని సంగతి చదువుదామని దగ్గర్లో ఉన్న లైబ్రరీకి వెళ్ళి, అక్షరాలు వెతుక్కుంటూ కొట్టానా, 'ఈ పేజీ చూడటానికి వీల్లేదు' అని వచ్చింది! ఎవరైనా చూశారేమోనని చుట్టూ చూసి, తప్పు చేసినదానిలా లేచి వచ్చేశాను.

తర్వాత తెలుసుకున్నాను. 2000లో అక్కడ పిల్లల రక్షణ కోసమని ఓ చట్టం తెచ్చారు. ఇంటర్నెట్ కోసం లైబ్రరీకి ప్రభుత్వ రాయితీ కావాలంటే, అశ్లీల చిత్రాల్ని ఆపే ఫిల్టరు పెట్టాల్సిందే. లైబ్రరీల సంఘం కోర్టుకెక్కింది. 2002లో ఫిలడెల్ఫియాలో గెలిచింది, 2003 జూన్‌లో సుప్రీంకోర్టులో 6-3 తేడాతో ఓడిపోయింది.

చిత్రాల్ని ఆపమంటే ఈ ఫిల్టర్లు మాటల్ని కూడా పట్టుకుంటాయి. పెన్సిల్వేనియాలో బీవర్ కాలేజీ అని ఉండేది, మొదట్లో ఆడపిల్లల బడే. బీవర్ అంటే ఓ జంతువు. ఆ మాటకి వెకిలి అర్థం కూడా ఉంది కనుక ఫిల్టర్లు కాలేజీ పేజీనే ఆపేసేవి. 2001లో ఆర్కేడియా యూనివర్సిటీగా పేరు మార్చుకోవడానికి అదీ ఒక కారణం. వర్జీనియాలోని లౌడన్ కౌంటీలో అయితే పిల్లలకీ పెద్దలకీ ఒకటే ఫిల్టరు పెట్టారు. అది ఆపిన వాటిలో, యూనివర్సిటీ చదువులు చదివిన ఆడవాళ్ళ సంఘం మేరీలాండ్ శాఖ పేజీ కూడా ఉంది! ఆ పద్ధతి చెల్లదని 1998లో తీర్పిచ్చిన జడ్జి లియొనీ బ్రింకెమా ఒకప్పుడు లైబ్రేరియన్‌గా పనిచేసినావిడే.

'అయితే ఫిల్టరే వద్దంటావా?' అని నిలదీయకండి. పదేళ్ళ మనవడు పక్కన కూర్చుంటే నాకూ కావాలి ఆ జల్లెడ. కానీ అరవై ఏళ్ళదానికీ అదే జల్లెడంటే ఎలా? పెద్దవాళ్ళు అడిగితే తీసేయవచ్చు, ఎందుకని చెప్పక్కర్లేదని సుప్రీంకోర్టులో ప్రభుత్వ న్యాయవాదే ఒప్పుకున్నారు. అన్నిచోట్లా అలా జరగదనుకోండి. వాషింగ్టన్ రాష్ట్రంలో ఓ లైబ్రరీ సంస్థ, అడిగినా మొత్తం తీయం, ఆ పేజీ చూసి తగునంటేనే తీస్తాం అంది. 2010లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు అది తప్పు కాదంది. అయినా అసలు చిక్కు అడగడంలోనే ఉంది కదూ? ముక్కూ మొహం తెలియని మనిషి ముందు నిలబడి, రొమ్ము నొప్పి గురించి చదవాలని ఎలా అంటాం?

మర్నాడు మళ్ళీ వెళ్ళాను. 'ఆగిపోయిన పేజీ ఒకటి కావాలి' అన్నానంతే. ఆవిడ తలెత్తకుండానే రెండు మీటలు నొక్కింది, పేజీ వచ్చింది. నొప్పి ఉన్నా పాలివ్వడం మానకూడదని ఉంది అందులో. కాగితం మీద రాసుకుని ఇంటికి పరుగెత్తాను.