బోర్డు మనది, దారి వాడిది

పట్వారీల కాలంలో మన భూమి కాజేసినోడు పొలానికొచ్చి గట్టు తవ్వలేదు. పహాణీలో పేరు మార్చిండు, అంతే. పొలం మన కళ్ల ముందే ఉన్నది, కాగితంలో మాత్రం వాడిదైంది. వెబ్‌సైట్‌లో లింకులు మార్చే హ్యాకర్ పనీ అచ్చం ఇదే. పేజీ చెరపడు, రంగు మార్చడు. స్కాలర్‌షిప్ ఫారం అని పిల్ల నొక్కిన చోట బెట్టింగు సైటు తెరుచుకునేట్టు చేస్తడు.

ఇది ఎక్కడో జరిగేది కాదు. మన దేశంలో కొన్ని రాష్ట్ర ప్రభుత్వాల సైట్ల లింకులు బెట్టింగు సైట్లకు పోతున్నయని 2024 మేలో టెక్‌క్రంచ్ అనే వార్తా సంస్థ బయటపెట్టింది. వాటిలో తెలంగాణవీ ఉన్నయి. సర్కారు చిరునామా గనుక జనం నమ్ముతరు, గూగుల్ కూడా నమ్ముతది. దొంగకు కావాల్సింది ఆ నమ్మకమే. సర్కారు ముద్ర కింద జూదం దుకాణం!

కొన్నిసార్లు తాళం పగలగొట్టే పని కూడా ఉండదు. పాలీఫిల్ అనే ఉచిత కోడ్‌ను లక్షకు పైగా సైట్లు బయటి చిరునామా నుంచి తెచ్చుకొని వాడేవి. 2024లో ఆ చిరునామాను ఒక చైనా కంపెనీ కొన్నది. జూన్ వచ్చేసరికి, ఆ సైట్లకు ఫోన్‌లో వచ్చినవాళ్లలో కొందరు బెట్టింగు సైట్లకు మళ్లుతున్నరని తేలింది. సైట్ల యజమానులు తమ పేజీలో ఒక్క అక్షరం ముట్టుకోలేదు.

మరి వాళ్లకు ఎందుకు కనబడదు? అక్కడే ఉంది మాయ. చిరునామా నేరుగా కొట్టి వచ్చే యజమానికి సైటు శుభ్రంగా కనబడేట్టు, గూగుల్‌లో వెతికి ఫోన్‌లో వచ్చేటోళ్లను మాత్రమే దారి మళ్లించేట్టు రాస్తరు. ‘మా దగ్గర బాగనే ఉన్నది గదా’ అని యజమాని వాదిస్తనే ఉంటడు. అందుకే వారానికోసారి వేరేవాళ్ల ఫోన్ తీసుకొని, మన సంఘం పేరు గూగుల్‌లో వెతికి, ప్రతి లింకూ నొక్కి చూడాలె. చందాల లింకు ముందు చూడాలె.

ఇంకో మాట అడుగుత. మీ సంఘం సైటు ఎవరి పేరున ఉన్నది? చాలాచోట్ల దాన్ని తయారుచేసిన కుర్రాడి పేరునే ఉంటది. అతను నౌకరీకి పట్నం పోతడు, గడువు ముగుస్తున్నదన్న మెయిలు అతనికే పోతది. గడువు దాటితే ఆ పేరును ఎవడైనా కొనుక్కోవచ్చు. మన పాత కరపత్రాల మీద అచ్చేసిన చిరునామాలన్నీ అప్పుడు వాడి గడపకే చేరుతయి. పేరు సంఘం మెయిలు మీద ఉండాలె, పాస్‌వర్డు ఇద్దరి దగ్గర ఉండాలె, ఫోనుకు వచ్చే రెండో తాళం కూడా పెట్టాలె.

వర్డ్‌ప్రెస్ మీద నడిచే సైటైతే అప్‌డేట్ వచ్చిన రోజే వేయండి. 2017 జనవరి 26న ఒక లోపాన్ని సరిచేసిన కొత్త వెర్షన్ వచ్చింది. వేయకుండ ఊకున్న సైట్లలో ఫిబ్రవరిలో లక్షల పేజీలు మారిపోయినయి. వాడని ప్లగిన్లు తీసిపారేయండి. ఫ్రీగా దొరికే దొంగ థీములు అసలే వద్దు, వాటిలో దొంగ ముందే దాక్కొని ఉంటడు.

ఒకసారి చొరబడినోడు పెరటి తలుపు పెట్టుకొని పోతడు. పాస్‌వర్డు ఒక్కటి మార్చి ఊకుంటే సరిపోదు. అడ్మిన్ల జాబితాలో తెలియని పేరుంటే తీసేయండి, బాగున్ననాటి కాపీని మళ్లీ ఎక్కించండి. ఆ కాపీ సైటున్న చోటనే కాకుండ విడిగా, సంఘం ఆఫీసులో ఒక పెన్‌డ్రైవ్‌లో ఉండాలె. దొంగ లింకులో పడి డబ్బు పోయినోళ్లు ఎవరున్నా ఆలస్యం చేయకుండ 1930కి ఫోన్ చేయమని చెప్పండి.