ఆకు తడపడానికి అనుమతి ఉంది, పిల్ల చేతులకు ఏదీ లేదు

తెలంగాణ రాష్ట్ర కార్మిక శాఖకు, కామారెడ్డి జిల్లా యంత్రాంగానికి రాజంపేట నుంచి బహిరంగ లేఖ

2025 నవంబరు 21న నాలుగు కార్మిక కోడ్‌లను అమలులోకి తెస్తూ కేంద్ర ప్రభుత్వం విడుదల చేసిన ప్రకటనలో బీడీ కార్మికులకు కలగబోయే మేళ్లంటూ కనీస వేతనం, వారానికి 48 గంటల పరిమితి, అదనపు గంటలకు రెట్టింపు కూలి, ఏడాదిలో 30 రోజులు పనిచేసినవారికి బోనసు వరుసగా కనిపిస్తాయి. వేయి బీడీలకు ఇంత అని కూలి కట్టే పనిలో, అదీ ఇంటి అరుగు మీద సాగే పనిలో, ఈ 48 గంటలను ఎవరి గడియారంతో కొలుస్తారన్న సంగతి అలా ఉంచినా, ఆ వరుసలో పిల్లల ప్రస్తావన ఒక్కటి కూడా లేకపోవడం బీడీ పని మీద బతికే కామారెడ్డి జిల్లా గ్రామాలకు తేలికగా మింగుడుపడే విషయం కాదు. అదే రోజున 1966 నాటి బీడీ, చుట్ట కార్మికుల చట్టం రద్దయి, వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్‌లో కలిసిపోయింది. దాదాపు అరవై ఏళ్ల చట్టాన్ని తిరగరాసే అవకాశం వచ్చినప్పుడు దానిలోని పాత కంతను పూడ్చకుండా యథాతథంగా కొత్త పుస్తకంలోకి ఎత్తిరాయడమే ఈ లేఖకు కారణం.

ఆ కంత ఎక్కడుందో కార్మిక శాఖకు తెలియనిది కాదు. కోడ్‌లోని 76వ సెక్షను ప్రకారం బీడీ ఆకును తడపడం గానీ కత్తిరించడం గానీ కార్ఖానా ఆవరణకు వెలుపల జరగాలంటే, కార్మికుల పక్షాన యజమాని రాష్ట్ర ప్రభుత్వానికి దరఖాస్తు చేసి అనుమతి పొందాలి, అలా బయట జరిగే పనికి రికార్డు కూడా ఉంచాలి. కార్ఖానా బయట బీడీ తయారీకి సంబంధించిన ఏ పనీ చేయించకూడదని అదే సెక్షను కట్టడి చేస్తుంది. అయితే ఆ వాక్యం పూర్తికాగానే, యజమాని గానీ కాంట్రాక్టరు గానీ ముడిసరుకు ఇస్తే ఇంటి దగ్గర బీడీలు చేసి తెచ్చేవారికి ఈ కట్టడి వర్తించదన్న మినహాయింపు వస్తుంది. ఇది 1966 చట్టం 29వ సెక్షనులో ఉన్న ఏర్పాటే. ఈ ప్రాంతంలో బీడీ పని అత్యధికంగా ఇళ్లలోనే జరుగుతుంది గనుక, ఇక్కడి వరకు మినహాయింపే చట్టమైంది. ఆకు తడపడానికి అనుమతి కావాలన్న చట్టం, ఆ ఆకును ఎవరి వేళ్లు చుడుతున్నాయని మాత్రం అడగదు.

ఇంటి దగ్గర బీడీ పని అంటే ఏమిటో హైదరాబాదులో ఫైలు చూసేవారి కోసం కొంత చెప్పుకోవలసి ఉంది. టేకేదారు, అంటే కంపెనీకీ కార్మికురాలికీ మధ్య సరుకు ఇచ్చి పుచ్చుకునే మనిషి, తూకం వేసి ఇచ్చిన తునికాకును తడిపి, గుడ్డలోనో గోనెపట్టాలోనో చుట్టి రాత్రంతా మెత్తబడనిస్తారు. తర్వాత రేకు అచ్చు పెట్టి కత్తెరతో ముక్కలు కోసి, ఒడిలో చాట పెట్టుకుని, ముక్కలో తంబాకు పోసి చుట్టి, దారం కట్టి, మూతి మడిచి, పాతిక చొప్పున కట్టలు కడతారు. ఇచ్చిన ఆకులో చినిగినవి, పురుగు తిన్నవి ఎన్ని ఉన్నా అప్పగించాల్సిన బీడీల లెక్క మారదు. తక్కువపడితే ఆకు బయట కొనుక్కోవాలి, బాగాలేవని పక్కకు తీసేసిన బీడీలకు కూలి రాదు. ఇన్ని దశల్లో చుట్టడం మాత్రమే చేయి తిరిగిన పని. మూతి మడవడం, దారం కట్టడం, కట్టలు పేర్చడం చిన్న వేళ్లకు సులువుగా అబ్బుతాయి. తల్లి చుట్టి పడేస్తుంటే బడి నుంచి వచ్చిన ఆడపిల్ల పక్కన కూర్చుని మూతులు మడవడాన్ని ఊళ్లో ఎవరూ పని అనరు, సాయం అంటారు. కార్డు తల్లిది, సంతకం తల్లిది, వేయి బీడీల లెక్క తల్లిది. ఆ వేయిలో పిల్ల వాటా ఎంతో ఏ కాగితం మీదా పడదు.

ఇక్కడే 1986 నాటి బాల కార్మిక చట్టం అక్కరకు రావాలి. ఆ చట్టం పుట్టినప్పుడే పిల్లలతో చేయించకూడని ప్రక్రియల పట్టికలో బీడీల తయారీ ఉంది. 2016 సవరణ తర్వాత పద్నాలుగేళ్లలోపు పిల్లలను ఏ పనిలోనూ పెట్టుకోకూడదన్న నిషేధం వచ్చింది, దానికి రెండు మినహాయింపులూ వచ్చాయి: బడి వేళల తర్వాత, సెలవుల్లో, ప్రమాదకరం కాని కుటుంబ వృత్తిలో సాయపడడం ఒకటి, సినిమాలు, సీరియళ్లు, ప్రకటనలలో నటించడం రెండోది. కుటుంబం అనే మాటకు చట్టం తల్లి, తండ్రి, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, మేనత్తలు, మేనమామలు, బాబాయిలు, పిన్నమ్మలు అని అర్థం చెప్పింది. (తండ్రి గల్ఫ్‌లో ఉండగా పిల్లలను సాకే నాయనమ్మ ఆ జాబితాలో లేకపోవడం కామారెడ్డి జిల్లాలో చదివేవారికి విడ్డూరంగా తోస్తుంది.) పట్టికలో ఉన్నందున బీడీ పనికి ఈ కుటుంబ సాయపు వెసులుబాటు వర్తించదు. అంటే కాగితం మీద చట్టం స్పష్టంగానే ఉంది, అరుగు మీద దానికి ఉనికి లేదు.

2017 జూన్‌లో వచ్చిన నియమాలు మరింత వివరంగా ఉన్నాయి. కుటుంబానికి చేసే సాయం ఏదైనా సాయంత్రం 7 నుంచి ఉదయం 8 వరకు జరగకూడదు, పెద్దవారి పనికి ప్రత్యామ్నాయం కాకూడదు, చదువుకు అడ్డు రాకూడదు. పిల్ల ముప్పై రోజులు వరుసగా చెప్పకుండా బడి మానితే ప్రధానోపాధ్యాయుడు నోడల్ అధికారికి, అంటే చట్టం అమలుకు జిల్లాలో బాధ్యత అప్పగించిన అధికారికి, తెలియజేయాలి. బీడీ ఇంటి పిల్ల విషయంలో ఈ చివరి నియమం పనికిరాదు, ఎందుకంటే ఆ పిల్ల బడి మానదు. హాజరు పట్టీలో ఆమె పేరు ఎదుట గీత పడుతూనే ఉంటుంది. మధ్యాహ్న భోజనం లెక్కలో ఉంటుంది. తరగతిలో కునుకు తీస్తే అది ఏ నమోదులోకీ ఎక్కదు. రాత్రి పదింటి దాకా తంబాకు ధూళిలో కూర్చున్న పిల్ల, చట్టం దృష్టిలో, బడికి వెళ్లే సాధారణ విద్యార్థిని. ఏడు దాటాక తలుపు తట్టి చూసే బాధ్యత ఎవరిది? కార్మిక శాఖ సహాయ అధికారిదా, మండల విద్యాధికారిదా, గ్రామ కార్యదర్శిదా? ఒకరినొకరు చూపించుకోగలిగినంత కాలం ఈ ముగ్గురిలో ఎవరినీ తప్పుపట్టడానికి వీలుండదు కదా?

ఇదే నియమావళి రెండో మినహాయింపును ఎంత జాగ్రత్తగా కట్టుదిట్టం చేసిందో గమనిస్తే తేడా తెలుస్తుంది. పిల్లవాడు ఒక సీరియల్లో కనిపించాలంటే నిర్మాత చిత్రీకరణ జరిగే జిల్లా కలెక్టరు నుంచి అనుమతి పొందాలి, నిర్ణీత నమూనాలో హామీపత్రం ఇవ్వాలి. రోజుకు ఐదు గంటలు మించకూడదు, విరామం లేకుండా మూడు గంటలు దాటకూడదు, వరుసగా ఇరవైయేడు రోజులకు మించి పనిచేయించకూడదు, సంపాదనలో కనీసం 20 శాతం జాతీయ బ్యాంకులో ఆ పిల్లవాడి పేరిట డిపాజిట్ చేయాలి, ప్రతి ఐదుగురు పిల్లలకు ఒక బాధ్యుడు ఉండాలి. ఇవి మంచి నియమాలు, వీటిలో ఒక్కటి కూడా తగ్గించాలని ఎవరూ కోరరు. కానీ ప్రకటనలో బిస్కట్ తినే పిల్లవాడికి కలెక్టరు సంతకం ఉండి, సంపాదనలో అయిదో వంతు బ్యాంకులో ఉంటే, పొగాకు దుమ్ము పీల్చే పిల్ల పేరు ఏ పుస్తకంలోనూ లేకపోవడాన్ని ఏమని అర్థం చేసుకోవాలి? పిల్ల మీద ప్రేమా, లేక కెమెరా మీద భయమా? ఆ పిల్లకు అనుమతి ఇవ్వమని అడగడం లేదు. నిషేధించిన పనికి అనుమతి ఎలాగూ ఉండదు. అనుమతి అవసరం లేదన్న వెసులుబాటు చూపును కూడా అక్కరలేనిదిగా చేసిందన్నదే అభ్యంతరం.

పద్నాలుగు నుంచి పద్దెనిమిదేళ్ల మధ్యవారిని చట్టం కౌమారులు అంటుంది. వారిని గనులు, పేలుడు పదార్థాలు వంటి ప్రమాదకర పనుల్లో తప్ప మిగతాచోట్ల పెట్టుకోవచ్చు. విరామంతో కలిపి రోజుకు ఆరు గంటలు, మూడు గంటల పని తర్వాత ఒక గంట విశ్రాంతి, రాత్రి ఏడు తర్వాత పని లేకపోవడం, వారానికి ఒక సెలవు, యజమాని పుస్తకంలో పేరు, ఇన్‌స్పెక్టరుకు ముప్పై రోజుల్లో తెలియజేయడం అన్నవి షరతులు. ముందస్తు అనుమతి అన్నది మాత్రం లేదు. బ్రిటన్‌లో బడి వయసు పిల్ల వారాంతంలో ఒక దుకాణంలో పనిచేయాలన్నా స్థానిక కౌన్సిల్ అనుమతి పత్రం కావాలి, బడి రోజుల్లో రెండు గంటలు మించకూడదు. అమెరికాలోని ఆర్కన్సా రాష్ట్రం 2023లో పదహారేళ్లలోపువారికి ఉన్న అనుమతి పత్రాన్ని రద్దు చేసినప్పుడు దేశమంతా పెద్ద చర్చ జరిగింది. అక్కడ ఉన్నదాన్ని తీసివేస్తే గొడవైంది, ఇక్కడ లేనిదాని గురించి గొడవపడడానికి కూడా అవకాశం లేకపోయింది. కామారెడ్డి బస్టాండు చుట్టుపక్కల హోటళ్లలో, మరమ్మతు దుకాణాలలో, బెల్లం, బియ్యం వ్యాపారపు గోదాములలో ఈ వయసువారి పేర్లు రాసిన పుస్తకాలు ఎన్ని ఉన్నాయో శాఖ ఎప్పుడైనా లెక్కపెట్టిందా? వయసు మీద వివాదం వస్తే వైద్యాధికారి నిర్ణయించాలన్న సెక్షను కింద ఎన్ని కేసులు పంపింది?

పాత సంగతులు తవ్వడం ఈ లేఖ ఉద్దేశం కాదు గానీ, అవి తమంతట తామే పైకి వస్తాయి. జీతగాడు అన్న మాట ఈ నేల మీద ఇంకా జ్ఞాపకంలో ఉంది. అప్పు కింద పసులు కాయడానికి పిల్లవాణ్ణి పెట్టే ఆ ఏర్పాటుకు హద్దు పెట్టాలని నిజాం ప్రభుత్వం 1936లోనే భగేలా ఒప్పందాల మీద, అంటే అప్పుకు శ్రమను తాకట్టు పెట్టే ఒప్పందాల మీద, నియంత్రణ తెచ్చింది, 1976లో వెట్టి నిర్మూలన చట్టం వచ్చింది. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు ఎం.సి. మెహతా కేసులో ఒక్కో పిల్లకు యజమాని 20,000 రూపాయలు చెల్లించాలన్నది. శాంతా సిన్హా నాయకత్వంలో ఎం.వి. ఫౌండేషన్ రంగారెడ్డి జిల్లా నుంచి బడి బయట ఉన్న పిల్లలు ప్రతి ఒక్కరూ బాల కార్మికులేనన్న సూత్రాన్ని నిలబెట్టింది. బడి లోపల ఉండీ కార్మికులైనవారికి ఆ సూత్రాన్ని ఎలా పొడిగించాలో ఎవరూ ఆలోచించలేదు. 1988లో మొదలైన జాతీయ బాల కార్మిక పథకం 2021 ఏప్రిల్ నుంచి సమగ్ర శిక్షలో కలిసిపోయింది, ప్రత్యేక శిక్షణ కేంద్రాలు మూతపడ్డాయి. పిల్లలను పనుల నుంచి విడిపించే పోలీసు తనిఖీలు జనవరిలో ఆపరేషన్ స్మైల్, జూలైలో ఆపరేషన్ ముస్కాన్ పేరిట వస్తాయి, పత్రికలలో సంఖ్యలు వస్తాయి. ఇటుక బట్టీ దగ్గర, హోటలు దగ్గర పోలీసు జీపు ఆగినట్టు వాకిట్లో చాట ముందు ఆగదు, ఆగాలని కూడా ఎవరూ కోరుకోరు. తల్లిని నేరస్తురాలిని చేసే తనిఖీ ఎవరికీ మేలు చేయదు.

అసలు చిక్కు కూడా అక్కడే ఉంది. చట్టం యజమానికి ఆరు నెలల నుంచి రెండేళ్ల జైలు, లేదా 20,000 నుంచి 50,000 రూపాయల జరిమానా అన్నది. వ్యాపార ప్రయోజనం కోసం పిల్లను పనిచేయనిచ్చిన తల్లిదండ్రులకు మొదటిసారి శిక్ష లేదు గానీ మళ్లీ జరిగితే 10,000 దాకా జరిమానా ఉంది. బీడీ ఇంట్లో యజమాని ఎవరు? తూకం వేసి ఆకు ఇచ్చిన టేకేదారా, సీలు వేసుకుని కట్టను అమ్మే కంపెనీయా, లేక వేయి పూర్తి కాకపోతే కూలి తగ్గుతుందని పిల్లను పిలిచిన తల్లా? వేయి బీడీలు ఒంటరిగా చుట్టడానికి ఎంత సమయం పడుతుందో కొలిచి, ఆ కొలతకు సరిపడేలా రేటు నిర్ణయించడం శాఖ పనే గనుక, పిల్ల చేయి అవసరమయ్యేంత తక్కువగా రేటు ఉన్నప్పుడు బాధ్యత ఎవరి ఖాతాలో వేయాలి? భవిష్య నిధి సంఖ్య చూసి బీడీ కార్మికులకు నెలకు 2,016 రూపాయల పింఛను ఇవ్వగలిగిన రాష్ట్రం, 2023లో టేకేదారులకు కూడా దాన్ని వర్తింపజేయగలిగిన రాష్ట్రం, అదే కార్డు వెనుక ఇంట్లో బడి వయసు పిల్లలు ఎందరున్నారన్న ఒక్క గడిని మాత్రం చేర్చలేకపోయిందా? బీడీ కార్మికుల పిల్లలకు కేంద్ర సంక్షేమ నిధి నుంచి ఇచ్చే ఉపకార వేతనాల జాబితా కేంద్ర కార్మిక శాఖ దగ్గర ఉంది. ఆ జాబితాను ఈ పనికి ఎవరైనా తెరిచి చూశారా?

2025 ఆగస్టు చివర్లో రాజంపేట మండలం అర్గొండలో ఒక్క రోజులో 40 సెంటీమీటర్లు దాటి వాన పడినప్పుడు చేలు, ఇళ్లు, రోడ్లు లెక్కపెట్టారు, లెక్కపెట్టడం అవసరమే. పంట పోయిన ఇంట్లో ఆ తర్వాతి నెలల్లో చాటల సంఖ్య పెరిగిందా, చాట చుట్టూ కూర్చున్నవారి వయసు తగ్గిందా అన్నది ఆ నష్టపు పట్టికలో ఒక వరుస కాదు. నియమాల ప్రకారం కలెక్టరు అధ్యక్షతన ఉండవలసిన జిల్లా కార్యదళం ఆ నెలల్లో బీడీ గ్రామాల గురించి ఒక్కసారైనా మాట్లాడిందా? మాట్లాడితే ఆ మాటలు ఏమిటి? మాట్లాడకపోతే, ఏటా బాల కార్మిక వ్యతిరేక దినమైన జూన్ 12న ర్యాలీలో ప్లకార్డులు పట్టుకుని నడిచే విద్యార్థులలో ఎందరు ఆ సాయంత్రం ఇంటికి వెళ్లి మూతులు మడుస్తారో శాఖకు తెలియాలని అనుకోవడం అత్యాశా?

కొత్త కోడ్ కింద ఇంటి పనికి ఇచ్చిన మినహాయింపుకు ఏదో ఒక హద్దు ఉండాలి, ముడిసరుకు ఇచ్చినవారి రికార్డులో ఆ ఇంటి పిల్లల వివరానికి ఏదో ఒక చోటు ఉండాలి. అది ఎలా ఉండాలో చెప్పగలిగిన అనుభవం, అధికారం శాఖకే ఉన్నాయి. ఈ కోడ్ కింది రాష్ట్ర నియమాలు చూసినప్పుడు 76వ సెక్షను దగ్గర ఒక్క క్షణం ఆగి, ఆకు తడపడానికి కావలసిన దరఖాస్తు నమూనాను చేతిలోకి తీసుకుని, దాని వెనుక వైపు ఖాళీగా ఎందుకు ఉందో ఆలోచించవలసిందిగా మనవి.

రాజంపేట,
కామారెడ్డి జిల్లా