విషయమా, రూపమా?

విద్యార్థుల ప్రయోగ పుస్తకములను జూచినపుడెల్ల మాకు విచారము కలుగుచున్నది. ఎఱ్ఱసిరా యంచులును, శీర్షికల క్రింది జంటగీతలును కన్నుల పండువుగా నుండును. కాని ద్రవమును ఎంతసేపు కాచిరో, ఉష్ణమాపకము ఎంత చూపెనో వెదకినను కానరాదు. యంత్రముల వాడుకను దెలుపు పుస్తకములు వ్రాయు పెద్దలును ఈ దోషమునకు దూరులు కారు. కంప్యూటరు నెదుట గూర్చుండి, వాక్యము ముగియకమున్నే అక్షరముల సైజు మార్చుచు ప్రొద్దు పుచ్చువారు పెక్కండ్రు.

అట్లని రూపము అనవసరమని మేమనము. గాఢమైన ఆమ్లములో నీరు పోయరాదను హెచ్చరిక పుట చివర నుండినచో, చదువరి చేయి కాలిన పిదపగాని దానిని జూడడు. పనులకు వరుస సంఖ్యలు వేయుట, కొలతలను పట్టికగా గూర్చుట అలంకారములు గావు, అర్థమునందు భాగములే.

అమెరికాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయ ఆచార్యుడగు డొనాల్డు నూత్, తన గ్రంథము యొక్క అచ్చు చిత్తులు అందవిహీనముగా నుండుట జూచి, 1977లో ‘టెక్’ అను అక్షరకూర్పు సాధనమును నిర్మింప దొరకొనెను. త్వరలో ముగియునని తలచిన యా పని సుమారు పదియేండ్లు పట్టెను, గ్రంథరచన వెనుకబడెను. 1980 దశకమున లెస్లీ లాంపోర్టు దానిపై ‘లేటెక్’ను నిర్మించెను. ఇది శీర్షిక, ఇది పట్టిక యని రచయిత సూచించిన చాలును. తక్కిన రూపమును సాధనమే చూచుకొనును.

విద్యార్థులారా! మీరును మొదట విషయమును ముగింపుడు. పిదప రూపమును ఒక్కమారు నిర్ణయించి అంతటను పాటింపుడు. ఉపాధ్యాయులు అంచులకు గాక కొలతలకు మార్కులీయవలెనని మా మనవి. మార్కులెందు గలవో బాలుర శ్రద్ధయు అందే నిలుచును గదా!