ఎస్తోనియా ఘనత సాఫ్ట్‌వేర్‌దేనా?

సంపాదకులకు,

డిజిటల్ పాలన ఉన్న దేశాలే పోటీలో ముందుంటాయంటూ ఎస్తోనియాను చూపిన మీ వ్యాసం ఆసక్తిగా ఉంది. కానీ ఘనతంతా సాఫ్ట్‌వేర్‌కే కట్టబెట్టారు. శాఖల డేటాబేస్‌లను కలిపేందుకు 2001లో మొదలైన ఎక్స్‌రోడ్ వ్యవస్థ ఎంత ముఖ్యమో, ఒకే సమాచారం కోసం శాఖకో డేటాబేస్ పెట్టడాన్ని నిషేధించిన అక్కడి చట్టమూ అంతే ముఖ్యం. తన వైద్య రికార్డును ఎవరు తెరిచి చూశారో పౌరుడే ఆన్‌లైన్‌లో చూసుకోవచ్చు.

మనకు 2011 నుంచి మీసేవ ఉంది. ఆదాయ ధ్రువపత్రం డిజిటల్ సంతకంతోనే చేతికొస్తుంది. దాన్నే జిరాక్స్ తీసి, గెజిటెడ్ అధికారి సంతకం పెట్టించుకు రమ్మనే కౌంటర్లు ఇంకా ఉన్నాయి. (మా అమ్మాయి స్కాలర్‌షిప్పు పుణ్యమా అని మాకు ఆ ముచ్చటా తీరింది.) ఇక్కడ కొరవడింది సర్వర్లు కాదు, ఒక శాఖ కాగితాన్ని మరో శాఖ నమ్మడం.

2007 సైబర్ దాడుల ఊసే వ్యాసంలో లేదు. ఆ దెబ్బ తిన్న ఎస్తోనియా తర్వాత కీలక రికార్డుల నకళ్లను లక్సెంబర్గ్‌లో భద్రపరిచింది. 2017లో గుర్తింపు కార్డుల చిప్‌లో లోపం బయటపడితే ఆ సంగతి ప్రజలకు చెప్పి, లక్షల కార్డుల సర్టిఫికెట్లను నిలిపేసింది. మన డేటా కేంద్రం నాలుగు రోజులు మూతపడితే పింఛన్లు, రిజిస్ట్రేషన్లు ఎలా నడుస్తాయో ఈసారి రాయించండి.

– ఒక పాఠకుడు, ఖమ్మం